సీసా బయటి తడి

పోయిన నెల కరీంనగర్‌లో ఒక వెండిపని దుకాణంలో కూర్చున్నాను. మా ఆవిడ కాలిపట్టీ కొక్కెం ఊడిపోతే అతికించుకు రమ్మని పంపింది. నలుగురు కూర్చుంటే నిండిపోయే గది అది. పనివాడు పట్టీ అంచుతో నల్లరాయి మీద ఒక గీత గీసి, పక్కనున్న సీసా మూత తీశాడు. ముక్కు లోపలి దాకా పోయి కుట్టే వాసన గదంతా లేచింది. నైట్రిక్ యాసిడ్. పాతికేళ్ళుగా పిల్లలకు కెమిస్ట్రీ చెబుతున్నవాణ్ణి, ఆ వాసన నాకు కొత్తేమీ కాదు. నా చూపు సీసా మీదే ఉంది. అతను గీత మీద ఒక చుక్క వేసి సీసాను నిలబెడుతుంటే ఇంకో చుక్క మూతి అంచు దాటి, సీసా బయటి వైపు నుంచి నెమ్మదిగా కిందికి జారింది. అతను దాన్ని అలాగే పక్కన పెట్టేశాడు.

"అన్నా, జర ఆ సీసా తుడువు," అన్నాను.

"ఏం కాదు సారూ, దినాం చేసే పనే," అన్నాడు తలెత్తకుండా.

"నీకేం కాదు, నీకు ఎరుకే కాబట్టి. పొద్దుగూకినంక దుకాణం ఊడ్చేటోళ్ళు దాన్ని పక్కకు జరిపితే?"

అతను నన్నొకసారి ఎగాదిగా చూసి, మోకాలి కింద నుంచి గుడ్డపేలిక తీసి సీసాను తుడిచాడు. "మీరు పంతులా?" అని అడిగాడు. అవునన్నాను. కానీ సీసా తుడవాలన్న మాట నాకు చదువు నేర్పింది కాదు. నేర్పిన మనిషి బడి ముఖం చూడలేదు. ఆమె పేరు పోశవ్వ. ఆమె గురించి రాయాలంటే నేను చేసిన తప్పు గురించి కూడా రాయాలి. ఇన్నేళ్ళూ కలం ముందుకు సాగకపోవడానికి కారణం అదే.

అప్పుడు నాకు ఇరవై ఆరేళ్ళు. మాది కరీంనగర్ దగ్గర ఒక పల్లె. ఎమ్మెస్సీలో ఫస్ట్ క్లాసు తెచ్చుకుని, ఆదిలాబాద్ జిల్లాలో ఒక ప్రభుత్వ జూనియర్ కాలేజీలో కాంట్రాక్టు లెక్చరర్‌గా చేరాను. ఆ ఊరి పేరు రాయను. ఉట్నూర్ పోయే జీపులు కాలేజీ గేటు ముందే ఆగేవి. పత్తి బండ్లు తిరిగే నెలల్లో రోడ్డు పక్క చెట్లకూ కరెంటు తీగలకూ తెల్లటి పోగులు వేలాడుతూ ఉండేవి. మా ఉద్యోగాలు ఏడాది ఉద్యోగాలు. వేసవి సెలవులతో తెగిపోయేవి. ప్రిన్సిపాల్ మా గురించి మంచిగా రాస్తే జూన్‌లో మళ్ళీ ఆర్డర్ వచ్చేది, లేకపోతే లేదు. ఆ భయం లోపల ఉండబట్టేనేమో, పైకి మాత్రం తెగ గర్వంగా ఉండేవాణ్ణి. ఆ కాలేజీలో నా అంత చదివినవాడు లేడని నా నమ్మకం.

కెమిస్ట్రీ ల్యాబ్ ఒక రేకుల గది. మూడు పొడుగాటి బల్లలు, ఒక మూల నల్లా, గోడ వారగా చెక్క అలమారలో రెండున్నర లీటర్ల పెద్ద యాసిడ్ సీసాలు. ఆ గదికి అటెండర్ పోశవ్వ. అంతకు ముందు ఆమె పెనిమిటి ఆ పని చేసేవాడు. అతను జబ్బుచేసి చనిపోతే ఆమెను పార్ట్‌టైం కింద తీసుకున్నారు. నలభై దాటిన మనిషి, పొట్టిగా, గట్టిగా ఉండేది. నూలుచీర కొంగు నడుముకు బిగించి కట్టేది. ఈ పనిలో చేరేదాకా ఆమె పదిహేనేళ్ళు ఇంటింటికీ తిరిగి పాలు పోసింది. నెత్తిన క్యాను, చేతిలో కొలత చెంబు. అదే ఆమె చదువు.

మొదటి రోజే నేను చూసింది ఆమె సల్ఫ్యూరిక్ యాసిడ్ పోయడం. పెద్ద సీసాలోంచి పిల్లలు వాడే చిన్న చిన్న సీసాల్లోకి నింపాలి. ఇసుక పోసిన రేకు పళ్ళెంలో చిన్న సీసాను నిలబెట్టింది. పెద్ద సీసాను ఒక చెయ్యి అడుగున, ఒక చెయ్యి నడుముకు వేసి ఎత్తి, ముందు ఒక గాజు జగ్గులోకి సగానికి వంపింది. సీసా నిదానంగా వంగింది తప్ప గుడగుడమని చప్పుడు రాలేదు. జగ్గులోంచి చిన్న సీసాలోకి గాజు పుల్ల ఆనించి పోసింది. ఆ పుల్ల మీదుగా యాసిడ్ దారంలా దిగింది. చివరి చుక్కను పుల్లకు తాకించి లాగేసుకుంది. తర్వాత తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి సీసాను మెడ నుంచి అడుగు దాకా తుడిచింది. ఒక్క సీసాకు ఇంత తతంగమా అని నాకు విసుగొచ్చింది.

"గరాటు లేదా?" అని అడిగాను.

"ఉన్నది సారూ. గరాటు వెడితే లోపటి గాలి ఎల్లక బుడుక్కుమని మీదికి చిమ్ముతది. పాలైతే ఇంటామె తిడ్తది. గిది తిట్టది, కాల్తది. గంతే ఫరక్."

"మరి పెద్ద సీసా చప్పుడు ఎందుకు కాలేదు?"

ఆమె ముఖం వెలిగింది. అంతవరకు ఆ ప్రశ్న ఆమెను ఎవరూ అడిగినట్టు లేరు. "మూతిల సగం అది ఎల్లుడుకు, సగం గాలి వచ్చుడుకు ఇడిసిపెట్టాలె. మొత్తం వంచితే గాలికి తొవ్వ ఉండది. నిండు సీసా అంటే కడుపు నిండ పాలు తాగిన పిల్ల లెక్క సారూ, వంచంగనే కక్కుతది. సగమైన సీసా ఎవలన్న పోస్తరు."

ఇంకో సంగతి కూడా ఆ రోజే గమనించాను. ఏ సీసా ఎత్తినా దాని మీద పేరున్న కాగితం ఆమె అరచేతి కిందే ఉండేది. అంటే ఒకవేళ చుక్క కారినా వెనక వైపు నుంచి కారుతుంది, కాగితం మీద పడదు. పుస్తకాల్లో మేమూ అదే చదువుకున్నాం, పరీక్షలో రాశాం, చెయ్యడం మాత్రం మరిచిపోయాం. "నీకు చదవరాదు కదా, ఆ కాగితం మీద అంత ప్రేమెందుకు?" అని నవ్వాను. "నాకు రాకున్న సదివేటోళ్ళకు గావాలె గద," అంది. తుడవడం గురించి మాత్రం నేను అడగకుండానే చెప్పింది. "లోపట ఏమున్నదో అందరు సూస్తరు సారూ. బయట తడి ఉన్నదా లేదా ఎవలు సూడరు. పట్టుకున్నోనికే తెలుస్తది."

ఆమెకు ఆ సీసాలన్నిటికీ తన పేర్లు ఉండేవి. చిక్కగా, బరువుగా ఉంటుంది కాబట్టి సల్ఫ్యూరిక్ యాసిడ్ 'నూనె'. మూత తీస్తే పొగలు వస్తాయి కాబట్టి హైడ్రోక్లోరిక్ 'పొగది'. చేతికి తగిలితే పసుప్పచ్చగా మరక పడుతుంది కాబట్టి నైట్రిక్ 'పసుపుది'. అమ్మోనియా 'ఏడిపిచ్చేది'. పిల్లలు కూడా అవే పేర్లు పట్టుకున్నారు. ఒకరోజు క్లాసు మధ్యలో ఒక పిల్లవాడు "అవ్వా, నూనె ఇయ్యి" అని అరిచాడు. నేను అందరికీ వినపడేలా, "మన దగ్గర కెమిస్ట్రీ ల్యాబ్ లేదు, కిరాణా దుకాణం నడుస్తోంది," అన్నాను. అందరూ గొల్లున నవ్వారు. పోశవ్వ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. మర్నాడు పొద్దున నేను కాస్త ముందుగా వచ్చేసరికి ఆమె అలమార ముందు ఒక అమ్మాయిని నిలబెట్టుకుని ఒక్కో సీసా పేరూ అడిగి పలుకుతోంది. ఆ మధ్యాహ్నం సీసా తెచ్చి నా బల్ల మీద పెట్టి, చిన్నపిల్ల పాఠం అప్పజెప్పినట్టు, "సారూ, సల్ఫూరికి తెచ్చిన," అంది. నేను మళ్ళీ నవ్వాను. ఆ తర్వాత ఆమె ఇంకెప్పుడూ ఆ ఇంగ్లీషు పేర్లు నా ముందు పలకలేదు. అప్పుడది నాకు పట్టలేదు. ఇప్పుడు రాస్తుంటే ఆమె ముఖమే కనిపిస్తోంది.

అమ్మోనియా సంగతి కూడా చెప్పాలి. వానలు ఆగి ఉక్కపోసే రోజులు. రేకుల కింద గది పొయ్యిలా ఉంది. క్లాసుకు పది నిమిషాలుందనగా అమ్మోనియా కావాలన్నాను. పోశవ్వ కొత్త సీసాను తీసి బకెట్ నీళ్ళలో కూర్చోబెట్టి, దాని మీద తడి గోనెసంచి కప్పింది.

"ఇదేందిప్పుడు? పెండ్లికూతురా తానం పోయడానికి?"

"ఉడుకు మీదున్నది సారూ. అర్ధగంట సల్లవడాలె."

"నాకు అంత టైం లేదు."

"నీకు లేకున్న దానికున్నది."

నేను సీసాను లాక్కుని మూత తిప్పాను. బుస్సుమని లోపలున్నది మూతి పక్కలనుంచి చిమ్మింది. కళ్ళలో పడలేదు కానీ ఆ ఘాటుకే ఊపిరి ఆడలేదు, కళ్ళు మూసుకుపోయాయి. ఆమె సీసా నా చేతిలోంచి తీసుకుని, నన్ను మెడపట్టి నల్లా కిందికి వంచి నీళ్ళు కొట్టింది. పిల్లలంతా గుమ్మంలో నిలబడి చూస్తున్నారు. "ఏడిపిచ్చేదని ఉత్తగనే పేరు వెట్టిన్నా?" అంది, నవ్వు ఆపుకుంటూ. అందరూ నవ్వారు. నన్ను కాపాడింది కాబట్టి నాకు కృతజ్ఞత కలగాలి. కలగలేదు. పిల్లల ముందు చిన్నబోయానన్న కోపమే మిగిలింది. ఆ కోపం అక్కడితో పోలేదని తర్వాత తెలిసింది.

ఫిబ్రవరిలో ప్రాక్టికల్ పరీక్షలు. బయటి నుంచి ఒక ఎగ్జామినర్ వస్తాడు. అతన్ని మంచిగా చూసుకుంటే పిల్లలకు మంచి మార్కులు పడతాయని, మార్కులు మంచిగా వస్తే కాలేజీకి, కాలేజీతోపాటు మాకూ మంచి పేరని ఒక లెక్క. ఎగ్జామినర్‌కు నాటుకోడి కూర తినిపించాలని ప్రిన్సిపాల్ గారు అన్నారు. ఎవరితో వండిద్దామంటే నేనే ముందుకొచ్చి, "మా పోశవ్వ చేతి కూర ఊరంతా మెచ్చుకుంటారు సార్," అన్నాను. ప్రిన్సిపాల్ దగ్గర మంచి అనిపించుకోవాలన్న ఆత్రం నాది. పరీక్షకు ముందురోజు ఆమెకు చెప్పాను.

"రేపు పొద్దుగాల్నా? ఇంకా సీసాలు నింపలే సారూ. ముప్పై సీసాలున్నయ్. కూర ఇంకెవలన్న వండుతరు," అంది.

"సీసాలు నేను నింపుతా. ఎమ్మెస్సీ ఎందుకు చదివినా?"

"నింపుతవ్ సారూ. తుడుస్తవా?"

"తుడుస్తా, తుడుస్తా. నువ్వు పోయి కోడి సంగతి చూడు."

పొద్దున్నే ఒక్కణ్ణే ల్యాబ్‌కు వచ్చాను. చల్లగా ఉంది, కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతోంది. మొదటి నాలుగు సీసాలు ఆమె చేసినట్టే చేయబోయాను. ఒక్కోదానికి చాలాసేపు పట్టింది. ఆలస్యమవుతోందని అలమార పైనుంచి గరాటు దించాను. సల్ఫ్యూరిక్ యాసిడ్ పెద్ద సీసాను నడుము దగ్గర ఎలా దొరికితే అలా పట్టుకుని నేరుగా గరాటులోకి వంచాను. గుడగుడమని దూకింది. గరాటు నిండి పొంగింది, సీసా మూతి నుంచి బయటికి ఒక ధార కారింది. కాగితం ఉన్న వైపే కిందికి ఉంది. ఆ ధార కాగితం మీదుగా పోతుంటే అది నా కళ్ళ ముందే గోధుమరంగుకూ, తర్వాత నల్లగానూ మారింది. చూశాను. ఈ మాట స్పష్టంగా రాయాలి. చూడలేదని ఎన్నోసార్లు నాకు నేనే చెప్పుకున్నాను, కానీ చూశాను. తుడవడానికి గుడ్డ కోసం వెతుకుతుంటే గేటు దగ్గర జీపు హారన్ మోగింది. ఎగ్జామినర్. సీసాను బల్ల చివర పెట్టి, చేతులు కడుక్కుని గేటు దాకా ఉరికాను.

గంట తర్వాత పోశవ్వ టిఫిన్ క్యారియర్ మోసుకుంటూ వచ్చింది. అప్పటికి పిల్లలు బల్లల ముందు నిలబడి ఉన్నారు, ఎగ్జామినర్ కుర్చీలో కూర్చున్నాడు. బల్ల చివరన ఆ పెద్ద సీసా అడ్డంగా ఉంది. నేను ఆమె వైపు చూడకుండానే, "పోశవ్వా, ఆ సీసా లోపల పెట్టు," అన్నాను. ఆమె ఎప్పటిలాగే ఒక చెయ్యి అడుగున వేసి, ఇంకో చేత్తో చుట్టి, సీసాను రొమ్ముకు ఆనించుకుని ఎత్తింది. బయట చూసుకోలేదు. ఎందుకు చూసుకుంటుంది? ఆ గదిలో ఆమె ఉన్నన్నాళ్ళూ ఏ సీసా బయటా తడి లేదు.

మూడడుగులు వేసి నిలబడిపోయింది. ముఖం బిగుసుకుంది. కాని సీసాను వదలలేదు. చుట్టూ చెప్పులేసుకున్న పిల్లల కాళ్ళున్నాయి. నిదానంగా, ఆ రోజు కూడా నిదానంగానే, వంగి దాన్ని ఇసుక పళ్ళెంలో నిలబెట్టింది. అప్పుడు నల్లా దగ్గరికి పరుగెత్తింది. ఎడమ మోచేతి నుంచి మణికట్టు దాకా నీళ్ళ కింద పెట్టుకుని నిలబడింది. చీర మీద, రొమ్ముకు ఆనిన చోట, జల్లెడలా చిల్లులు పడుతున్నాయి. అమ్మాయిలు చుట్టూ అడ్డం నిలబడి ఆమె మీద కుండెడు కుండెడు నీళ్ళు గుమ్మరించారు. ఒంటి మీద అంతగా కాలలేదు. చెయ్యి మాత్రం కాలింది.

ప్రిన్సిపాల్ గారు ఉరుక్కుంటూ వచ్చారు. "ఏందయ్యా ఇది? ఎక్స్‌టర్నల్ సార్ ముందర? సీసాలు నింపిందెవరు?"

పోశవ్వ నల్లా కింద నుంచి తల తిప్పి నన్ను చూసింది. ఆ చూపులో నేరం మోపడం లేదు. నేను చెబుతానని ఎదురుచూస్తోంది, అంతే. నాకు జూన్ ఆర్డర్ గుర్తొచ్చింది.

"ఆమె పనే కద సార్ అది," అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. "చదువు రాదు, పేరు చదవరాదు. ఎన్నిసార్లు చెప్పినా..." అని కూడా అన్నాను. పొద్దున్నుంచీ ఆమె కోడికూర దగ్గరే ఉందన్న సంగతి ఆ గాభరాలో ప్రిన్సిపాల్ గారికి తట్టలేదు, నేను గుర్తు చెయ్యలేదు.

వారం తిరక్కుండానే పోశవ్వను ల్యాబ్ నుంచి తీసి, గంట కొట్టడానికీ మంచినీళ్ళ కుండలు నింపడానికీ వేశారు. అంతటితో పోతే వేరు. ఆ ఏడు పార్ట్‌టైం వాళ్ళను ఫుల్‌టైం చేయడానికి పేర్లు అడిగారు. ల్యాబ్‌లో పనిచేస్తున్నవాళ్ళ పేర్లే పంపాలి. ఏప్రిల్‌లో జాబితా పోయింది. అందులో ఆమె పేరు లేదు.

పరీక్షలైన తర్వాత ఒకరోజు వరండాలో కుండల దగ్గర ఆమెను కలిశాను. చేతికి కట్టు ఉంది. కట్టు లేని చేత్తో పెద్ద కుండను వంచి పిల్లల గ్లాసుల్లోకి నీళ్ళు పోస్తోంది. ఒక్క చుక్క కింద పడటం లేదు.

"చెయ్యెట్లుంది?" అన్నాను.

"చెయ్యి మంచిగైతది. సీసా మీద కాయితం సూసినవా సారూ?"

నేను పిల్లల గ్లాసుల వైపు చూపు తిప్పుకున్నాను.

"నేను పోస్తే కాయితం మాడది. ఇన్నేండ్లల్ల ఒక్కటి మాడలే. ప్రిన్సిపాల్ సార్కు గంత సదువొచ్చు గని, గది సదువరాలే."

"నువ్వే చెప్పొచ్చు కద," అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"నేను జెప్తే నీ మాట మీద నా మాటైతది. ఎవలిది నమ్ముతరు? నీ నోట్లెకెళ్ళి రావాలె."

"జూన్‌ల నా ఆర్డర్..."

"నాకెర్కే," అంది. ఇంకో పిల్లవాడు గ్లాసు చాపితే అటు తిరిగింది.

మార్చి పోయింది, ఏప్రిల్ పోయింది. సెలవులకు మా ఊరికి వెళ్ళాను. మే నెలంతా సరిగ్గా నిద్ర పట్టలేదని రాస్తే బాగుంటుంది కానీ అది నిజం కాదు. పెళ్ళిళ్ళు తిరిగాను, మామిడిపండ్లు తిన్నాను. ఆమె గుర్తొచ్చినప్పుడల్లా జూన్‌లో చెబుదాంలే అనుకున్నాను. అలా అనుకోగానే మనసు కుదుటపడేది.

జూన్‌లో ఆర్డర్ వచ్చింది. ఆ తర్వాత ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళి జరిగింది చెప్పాను. ఆయన అద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. "ఏప్రిల్‌ల చెప్పి ఉంటే ఒక మనిషి బతుకు బాగుపడేది. ఇప్పుడు చెప్తే నీ మనసు తేలికైతది, గంతే కదయ్యా," అన్నారు. నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యలేదు. ఆమెను మాత్రం ఆ వారంలోనే ల్యాబ్‌కు పంపారు.

ఆమె సంతోషిస్తుందనీ, నాకు దండం పెడుతుందనీ ఎక్కడో ఒక మూల అనుకున్నాను. ఆ ఆశ కూడా నా తప్పుల్లో ఒకటి. పోశవ్వ ల్యాబ్‌లోకి వచ్చి, అలమార తెరిచి, నాలుగు నెలల దుమ్ము చూసి చీపురు తీసింది. ఊడుస్తూ ఊడుస్తూ అడిగింది.

"ఆర్డర్ ఒచ్చిందా సారూ?"

"వచ్చింది."

"ఎన్నడొచ్చింది?"

"సోమవారం."

"నువ్వు సార్కు ఎన్నడు జెప్పినవ్?"

"మంగళవారం."

ఆమె తల ఊపింది. ఊడవడం పూర్తిచేసి, చేతులు కడుక్కుని, ఒక ఖాళీ పెద్ద సీసా తెచ్చి నీళ్ళతో నిండుగా నింపింది. ఇసుక పళ్ళెం, చిన్న సీసా, గాజు పుల్ల నా ముందు పెట్టింది. "పోయ్," అంది.

ఆ నెలంతా రోజూ కాలేజీ మొదలయ్యే ముందు అదే పని. ఆమె చేతులు కట్టుకుని నిలబడేది. ఎడమ చేతి మీద మచ్చ గులాబీరంగులో మెరిసేది. దాన్ని ఆమె దాచుకోలేదు, నాకు చూపించనూ లేదు. సీసా వంచుతుంటే "హళూ, హళూ," అనేది. నెమ్మదిగా అని మరాఠీలో అర్థం. మరాఠీ ఇళ్ళ పిల్లలతో మాట్లాడీ మాట్లాడీ ఆ మాట ఆమె నోటికి అలవాటైంది. చుక్క బయట పడితే ఏమీ అనేది కాదు, సీసా మళ్ళీ నింపి ముందు పెట్టేది. ఒకరోజు ఇద్దరు పిల్లలు కిటికీలోంచి చూసి "సార్ను అవ్వ ఫెయిల్ చేసింది" అని నవ్వుకుంటూ పోయారు. ఈసారి నాకు కోపం రాలేదు. నెలాఖరులో ముప్పై సీసాలు వరసగా నింపి, తుడిచి పెట్టాను. ఆమె ఒక్కోదాన్నీ ఎత్తి, చుట్టూ వేలితో రాసి చూసింది. "ఇగ యాసిడ్ వట్టుకో," అంది. అదే నాకు దొరికిన సర్టిఫికెట్.

ఆ తర్వాత ఆరేళ్ళు కలిసి పనిచేశాం. నాతో నవ్వుతూనే మాట్లాడేది, నా పెళ్ళికి వచ్చి మా అవ్వ పక్కన కూర్చుని భోంచేసింది. ఆ ఫిబ్రవరి సంగతి మాత్రం ఇద్దరం ఎత్తలేదు. ఫుల్‌టైం జాబితా మళ్ళీ ఎవరూ అడగలేదు. నేను పర్మినెంట్ అయి కరీంనగర్ వైపు వచ్చేశాను. ఆమె చివరిదాకా పార్ట్‌టైంగానే ఉండి పని మానేసింది. వీడ్కోలు సభకు పిలిస్తే వెళ్ళాను. మైకు పట్టుకుని ఆమె చేతి నేర్పు గురించి పది నిమిషాలు మాట్లాడాను. అందరూ చప్పట్లు కొట్టారు. చెప్పాల్సింది చెప్పకుండా దిగిపోయాను. తిరుగు బస్సులో నా మాటలే నాకు వెగటు పుట్టించాయి. ఆ ఏటి నుంచి, కొత్త పిల్లలకు మొదటి ప్రాక్టికల్ రోజున, సీసా ముట్టుకోనిచ్చే ముందు ఈ కథ చెప్పడం మొదలుపెట్టాను. గరాటు, మాడిన కాగితం, ఆమె చెయ్యి, నేను ఆడిన అబద్ధం, ఆమె కోల్పోయిన ఫుల్‌టైం ఉద్యోగం. నా పేరుతోనే చెబుతాను. పిల్లలు విని, ఏదో ఒక ప్రశ్న అడుగుతారు. చెప్పిన ప్రతిసారీ నేను ధైర్యవంతుణ్ణని నాకు అనిపించేది.

పోయిన వేసవిలో నిర్మల్‌లో ఆమె కొడుకు ఇంటికి వెళ్ళాను. కోడలు ఇంట్లోనే కొయ్యబొమ్మలకు రంగులు వేస్తుంది. పోశవ్వ గుమ్మంలో పీట మీద కూర్చుని, పెద్ద డబ్బాలోంచి చిన్న గిన్నెల్లోకి రంగు వంపుతోంది. జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూసి, "ఆగు సారూ, గిదొక్కటి పోసి లేస్త," అంది. పోసి, డబ్బా అంచు తుడిచి, అప్పుడు లేచింది. చాయ్ తాగుతూ, నేను ప్రతి ఏడూ పిల్లలకు ఆ సంగతి చెబుతున్నానని చెప్పాను. మెచ్చుకుంటుందనే అనుకున్నానేమో.

"మొత్తం జెప్తున్నవా?" అంది.

"మొత్తం. అబద్ధమాడినట్టు కూడా."

"ఆర్డర్ ఒచ్చినంకనే నోరు ఇప్పినవని జెప్తున్నవా?"

నేను గ్లాసు కింద పెట్టాను. చెప్పడం లేదు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా చెప్పలేదు. 'తర్వాత నేను నిజం ఒప్పుకున్నాను' అని మాత్రమే చెబుతూ వచ్చాను. అది కావాలని దాచానని కూడా ఆ క్షణం దాకా నాకు తెలియదు.

"చెయ్యి జారుడు ఎవలికైన జారుతది సారూ," అంది పోశవ్వ, కోపం లేకుండా, ల్యాబ్‌లో నాకు నేర్పిన గొంతుతోనే. "భయానికి ఒక అబద్ధం ఆడుడు గూడ ఆడుతరు. గది గాదు పిల్లలకు జెప్పాల్సింది. నువ్వు నాలుగు నెలలు ఆగినవ్ సూడు, గది జెప్పు. సోమారం, మంగళారం జెప్పు."

ఈ జూన్‌లో చెప్పాను. ఎప్పుడూ ఏదో ఒక ప్రశ్న అడిగే పిల్లలు ఈసారి ఏమీ అడగలేదు. వెనక బల్ల దగ్గర నిలబడ్డ ఒక అమ్మాయి మాత్రం నా ముఖం వైపు చూడలేక కిటికీ వైపు తిరిగింది. ధైర్యవంతుణ్ణన్న ఆ భావన ఈసారి రాలేదు. రాకపోవడమే మంచిదనిపించింది. ఆమెను ఎన్నడూ చూడని మీకు కూడా చెప్పాలి కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. నా ఆర్డర్ సోమవారం వచ్చింది. నేను మంగళవారం నోరు విప్పాను.